పదికి సున్నా

"రజాకన్నకు పెట్టిన నర్సమ్మ బండి సుత దిగదే!" అన్నదట భద్రమ్మ. "గేటుకాడ స్కూటీ ఆపుతది. హెల్మెట్ తియ్యది. ఫోన్ పైకెత్తి, వెనక ఇల్లు కనపడేటట్టు తన ఫోటో తనే కొట్టుకుంటది. మళ్ల బండి మలుపుకొని పోతది. లోపల మనిషి ఉన్నడా పోయిండా ఆమెకెందుకు? మొన్న నేను ఆడ బర్రెను కట్టేస్తుంటె, 'జర పక్కకు జరుగమ్మా, ఫోటోల పడుతున్నవ్' అన్నది. నన్ను గాదు, బర్రెను!"

నల్లా కాడ పక్కింటి భద్రమ్మ అన్న ఈ మాటను ఆమె కోడలు నిరోష పాలచెంబుతోపాటు తెచ్చి హనీఫా చేతుల పెట్టి పోయింది. పాలు పొయ్యి మీద పొంగకముందే హనీఫా పొంగింది.

ఆమె తిరుమలగిరి నుంచి నకిరేకల్‌కు, తల్లిగారింటికి వచ్చి నాలుగు దినాలు. తండ్రి రజాక్‌కు క్యాన్సర్ వెన్నుపూసలకు దిగింది. పట్నం దవాఖానవాళ్లు "ఇగ మా చేతుల ఏం లేదు, ఉన్నన్ని దినాలు నొప్పి తెలవకుండ ఇంట్లనే చూసుకోండ్రి" అని తోలిచ్చిండ్రు. నొప్పి తెలవకుండ చూసుడే మా పని అని 'మలిసంజె' అనే సంస్థ ముందటికొచ్చింది. అన్న అబూబకర్ కాగితాల మీద దస్కతు పెట్టిండు. పందొమ్మిది దినాలాయె. ఇప్పటిదాంక నొప్పి తెలవకుండ ఉన్నది ఒక్క మలిసంజెకే.

"వదినే!"

అతియా పొయ్యి ముందర జొన్నరొట్టె కొడుతున్నది. తల ఎత్తలే.

"నేనొచ్చినసంది నర్సు గడప తొక్కంగ చూడలే. అంతకుముందన్న లోపలికొచ్చిందా, రాలేదా? ఒక్క మాట చెప్పు."

"మొదలు నాలుగైదు సార్లు వచ్చింది."

"తర్వాత?"

రొట్టె పెనం మీద పడ్డది. అతియా తడిచెయ్యితోని దాని మీద నీళ్లు రాసింది.

"నిన్నే అడుగుతున్న. బాపు నడుము కింద గంత పుండు పడ్డది. నా అరచెయ్యంత! వచ్చిన దినం బట్ట మార్చబోయి చూస్తే నా కండ్లకు చీకట్లొచ్చినయి. నువ్వు ఇంట్లనే ఉంటివి గదా! పొద్దుందాక ఇంట్లనే ఉంటివి గదా!"

"నువ్వు నాలుగు దినాల కింద చూసినవు హనీఫా. అది రూపాయి బిళ్లంత ఉన్నప్పటిసంది నేను చూస్తున్న."

"చూసి?"

"చూసి కడుగుతున్న. గంటకోసారి ఇటు పక్కకు, గంటకోసారి అటు పక్కకు తిప్పుతున్న. ఆళ్లిచ్చిన గాలిపరుపు మోటరు కాలిపోయి ఆరు దినాలు. ఫోన్ చేస్తే మనిషిని తోలుతమంటరు. ఆ మనిషి ఇంక పుట్టనే లేదు. మామ చేతుల మీద కుట్టిన బూరుగుదూది మెత్తలు నాలుగు అటుక మీదికెళ్లి దింపి, సందుల్ల పెట్టిన. అవి లేకుంటె ఆ పుండుకు నీ రెండు అరచేతులు సుత సాలకపోతుండె."

తప్పు తనదే అని హనీఫాకు తెలిసినా, కోపం వచ్చిన తొవ్వన వెనక్కి పోదు గదా. ఇంకో తొవ్వ పట్టింది.

"గంత చేసేదానివి నోరెందుకు తెరవలే మరి? మా అన్నకు చెప్పొద్దా?"

అతియా రొట్టె తిరగేసింది. పెనం మీద పొగ లేసింది.

"మీ అన్నకు తెల్వంది ఏమన్న ఉన్నదా ఈ ఇంట్ల?" అన్నది.

ఆ మాట అక్కడనే పడి ఉన్నది. పాలు చల్లారబెట్టే తొందరల హనీఫా దాన్ని ఎత్తుకోలే.

*

తండ్రి ఉన్న అర్ర తలుపు దగ్గరికి ఏసి ఉన్నది. చాయ్ కప్పు పట్టుకొని హనీఫా తలుపవతలనే నిలబడ్డది.

లోపలికెళ్లి మూలుగు వస్తాంది. దూడను కోల్పోయిన ఆవు పొద్దూకినంక చేసే అసొంటి చప్పుడు, నోరు మూసుకొని చేసేది. హనీఫా కాలి పట్టీ గల్లుమన్నది. మూలుగు టక్కున ఆగింది.

తలుపు తీసేటాళ్లకు రజాక్ మొఖం మీద నవ్వు తయారుగ ఉన్నది.

"చాయ్ తాగినవా బిడ్డా?"

"నీకే తెచ్చిన బాపూ. నొప్పి ఎట్లున్నది?"

"నాకేం నొప్పి? మంచిగనే ఉన్న."

భుజం మీది తువ్వాల కొస తడిసి, నమిలి నమిలి పీసులు లేసి ఉన్నది. హనీఫా దాన్ని చూసింది. తను చూసుడు రజాక్ చూసిండు. తువ్వాల మెల్లగ దుప్పటి కిందికి పోయింది.

నలభై ఏండ్లు దూది ఏకి పరుపులు కుట్టిన మనిషి. నకిరేకల్ నుంచి ఆలేరు దాక పెండ్లి పరుపంటే రజాక్ పరుపే. మలిసంజెవాళ్లు గాలిపరుపు తెచ్చి ఏసిన దినం, "పోకముందే పైకి లేపుతున్నరు గదనయ్యా!" అని నవ్విండట. ఇంటికొచ్చినోళ్ల ముందట జల్మల 'అబ్బా' అనలే. నర్సు మొదటిసారి వచ్చి, "తాతా, నొప్పి పదికి ఎంత? అస్సలు లేకుంటె సున్నా, తట్టుకోలేకుంటె పది" అని అడిగితె, ఏమన్నడో అతియా చెప్పింది. "సున్నా బిడ్డా. ఎండల పడి వచ్చినవు, ముందు మంచినీళ్లు తాగు" అన్నడట.

మంచం తలాపున మేకుకు ఫైలు వేలాడుతాంది. హనీఫా దాన్ని నిన్ననే తిరగేసింది. అన్న తెచ్చి తగిలిచ్చిన పందొమ్మిది కాగితాలు. ప్రతి కాగితం మీద ఇంటి ముందర నర్సు ఫోటో, కింద నర్సు సంతకం, దాని కింద అబూబకర్ సంతకం, నడుమ ఒక గడి. నొప్పి: సున్నా. నొప్పి: సున్నా. కోడిగుడ్లు పేర్చినట్టు పందొమ్మిది సున్నాలు.

నిన్ననే ఆఫీసుకు ఫోన్ చేసింది. "మా బాపు నొప్పి మీకు సున్నా లెక్క కనపడుతాందా? రేపు పదకొండు గంటలకు మీ పెద్దమనిషి నా ముందట ఉండాలె. లేకుంటె మీ ఆఫీసుకు నేనే వస్త. ఫైలు పట్టుకొని గాదు, మీ కాలిపోయిన పరుపు నెత్తిన పెట్టుకొని వస్త. బస్టాండు నుంచి మీ గడప దాంక అందరికి చూపించుకుంట వస్త."

*

పదకొండుకు ఇంక పది నిమిషాలున్నయనంగనే కారు ఆగింది. దిగిన మనిషి పేరు సతీశ్. ఇస్త్రీ అంగీ, మెడల కార్డు, చేతుల పలక అసొంటి పెద్ద ఫోన్. అతని వెనకనే స్కూటీ మీద నర్సు స్నేహలత వచ్చింది. ఈసారి హెల్మెట్ తీసింది. తీసి సంకల పెట్టుకొని గడపకాడనే నిలబడ్డది.

అబూబకర్ కూడ దుకాణం వదిలిపెట్టి ఉరికొచ్చిండు. హైవే మీద ఫోము పరుపుల దుకాణం ఆయనది. నెత్తి మీద టోపీ, మొఖం మీద చెమట. వచ్చుడు వచ్చుడే చెల్లె మీద పడ్డడు.

"ఎందుకే ఈ లొల్లి? వాళ్లకు చేతనైనంత చేస్తున్నరు గదా."

"చేతనైనంతనా? నువ్వు ఎవల దిక్కు అన్నా?"

"దిక్కులెక్కడియి ఇందుల? ఇంట్ల రోగి ఉన్నప్పుడు నెమ్మదిగుండాలె. కూసోండి సార్. అతియా, చాయ్ పెట్టు."

"చాయ్ వద్దు" అన్నది హనీఫా. "చాయ్ పోసి పోసే మనం ఈ గతికొచ్చినం."

సతీశ్ కుర్చీ అంచున కూసున్నడు. పలక మీద వేలు జరిపిండు.

"ఫిర్యాదు ఏదైనా సరే, ముందుగా మా సేవల నాణ్యత మీద కుటుంబం అభిప్రాయం తీసుకోవడం మా పద్ధతి మేడమ్. ఆరు ప్రశ్నలుంటాయి. ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు ఇవ్వాలి."

"అడుగు."

"మా సిబ్బంది మర్యాదగా మాట్లాడుతున్నారా?"

"బర్రెతోని కూడ మర్యాదగనే మాట్లాడుతున్నరంట. వెయ్యి. అయిదుకు అయిదు వెయ్యి."

సతీశ్‌కు సమజుగాలే. గడపకాడ స్నేహలత తల దించుకున్నది.

"సమయానికి వస్తున్నారా?"

"గేటు దాంక టయానికే వస్తున్నరు. మా గేటు ఆరోగ్యం మంచిగున్నది. దానికి కూడ అయిదు వేసుకో."

"మేడమ్, మీరు కోపంగా ఉన్నారు—"

"ఇంక రాలే నాకు కోపం. ఇది కోపానికి ముందటి ముచ్చట. తర్వాత?"

"పరికరాలు సరిగ్గా పనిచేస్తున్నాయా?"

"ఆ అర్రల పరుపున్నది. మోటరు కాలి ఆరు దినాలు. నువ్వు పొయి ఒక్క గంట పండు. కదలకుండ, మెదలకుండ, ఒక్క పక్కనే. లేసినంక నువ్వే మార్కులు వేసుకో, నేను అడ్డం చెప్ప."

"అది నిజంగా మా పొరపాటు. ఈ సాయంత్రానికి కొత్తది పంపిస్తాను." వేలు ఇంకో గడి మీదికి పోయింది. "నొప్పి అదుపులో ఉందా... ఇది మిమ్మల్ని అడగాల్సిన పని లేదు. రికార్డులోనే ఉంది. పందొమ్మిది రోజులూ సున్నా. నిజం చెప్పాలంటే మేడమ్, మా దగ్గర ఇంత మంచి రికార్డు వేరే ఏ ఇంటికీ లేదు."

హనీఫా లేసింది. అర్రలకు పొయి మేకుకున్న ఫైలు గుంజుకొచ్చి అతని ఒళ్లె పడేసింది. కాగితాలు జారి బండల మీద పరుసుకున్నయి.

"ఈ సున్నాలు ఎవరు కొలిసిండ్రు? దేనితోని కొలిసిండ్రు? మా బాపు తువ్వాల కొస నమిలి నమిలి మింగుతున్నడు. రాతిరంత గోడకు గోరు గీకుతున్నడు. సున్నం రాలి మంచం కింద కుప్ప పడ్డది, పొయి చూడు. ఇంటికొచ్చినోళ్లకు నొప్పి చెప్పుడు ఆయన దృష్టిల తప్పు. అడుగుతె సున్నా అంటడు. గది తెల్వనోళ్లు మీరు సచ్చేటోళ్లను ఎట్ల చూస్తరయ్యా? నోరు చెప్పింది రాసుకునుడేనా మీ సదువు? మొఖం చూడరా? చెయ్యి పట్టి చూడరా? ఇగ మీ కథ బంద్. నల్లగొండ సర్కారు దవాఖానల నొప్పికి సూసే డాక్టర్లున్నరంట, ఇంటికే బండి వస్తదంట. పొద్దుగాలనే ఫోన్ చేసిన. మీ సామాను తీసుకొని నడువుండ్రి."

"హనీఫా, జర ఊకో" అన్నడు అబూబకర్.

"నేనొక మాట చెప్పొచ్చా?"

అన్నది స్నేహలత. అందరు గడప దిక్కు తిరిగిండ్రు.

"నేను లోపలికి రాకుండ పోయింది నిజమే. ఎందుకు పోయిన్నో మీ అన్నను అడగండి అక్కా."

అబూబకర్ మెడ మీది చెమట తుడుసుకుంటున్న చెయ్యి ఆగింది.

"ఏం మాట్లాడుతున్నవు నువ్వు?"

"ఉన్నదే మాట్లాడుతున్న. మొదటి నాలుగైదు దినాలైనంక, రోజు నేనొచ్చే టయానికి ఈ సారు గేటుకాడ తయారుగ ఉంటడు. 'ఇప్పుడే నిద్రపోయిండు, లేపకు. నొప్పి లేదు, సున్నా రాసుకో' అంటడు. నేను ఇంక తొమ్మిది ఇండ్లు తిరగాలె, చిట్యాల దాక పోవాలె. ఇంటి మనిషే చెప్తున్నడు గదా అని రాసిన. ఫోటో దిగిన, పోయిన. రాసుడు నా తప్పే. కాని రాయమన్నది నేను కాదు."

"ఆయన చెప్తే నువ్వు రాస్తవా?" హనీఫా గొంతు ఇంటి కప్పుకు తాకింది. "నొప్పి మా అన్న నడుముల ఉన్నదా, మా బాపు నడుముల ఉన్నదా?"

హనీఫా అన్న దిక్కు తిరిగింది.

"నువ్వెందుకు చెప్పినవన్నా?"

"రాతిరంత మేలుకొని తెల్లారగట్ల పండుతడు. లేపుడెందుకని చెప్పిన. దానికి గింత లొల్లా?"

మాట ఒప్పుకునేటట్టే ఉన్నది. కాని చెప్పేటప్పుడు అబూబకర్ చెల్లెను చూడలే, కింద పడ్డ కాగితాలను చూసిండు. చిన్నప్పుడు జామకాయలు దొంగిలించిన దినం కూడ ఆయన గిట్లనే నేల చూసుకుంట మాట్లాడిండు.

సతీశ్ కాగితాలు ఏరుకున్నడు. వాన ఎలిసినట్టయి, ఇగ బయటపడుదామని లేసిండు.

"మీరు వేరే చోటికి మారతానంటే మేము ఉత్తరం రాసిస్తాం మేడమ్. ఒక్క పని మాత్రం ఉంది. నొప్పికి మార్ఫిన్ మాత్రలిచ్చాం, నాలుగు గంటలకోసారి వెయ్యమని. అవి చట్టం కింద లెక్క ఉండే మందులు. వాడినవాటి ఖాళీ అట్టలు, వాడకుండా మిగిలినవి నాకు చూపించాలి. రాసుకుని పోతాను."

"అయిపోయినయి" అన్నడు అబూబకర్.

"ఖాళీ అట్టలు చూపిస్తే చాలండి."

"పారేసిన."

"పారెయ్యకూడదని మొదటి రోజే చెప్పాం సార్, సంతకం కూడా పెట్టారు."

"పారేసిన అంటున్న గదా! కసువుల పోయినయి. ఇప్పుడేం, కసువుబండి ఎంట ఉరుకాల్నా?"

"పారెయ్యలే."

అతియా వంటింటి దర్వాజల నిలబడి ఉన్నది. చేతులకు జొన్నపిండి ఎండి తెల్లగ పగిలి ఉన్నది. పదహారేండ్ల కాపురంల, పరాయి మొగోళ్ల ముందట ఆమె గొంతు లేసుడు ఆ ఇంటి గోడలు సుత ఎప్పుడు వినలే.

"బీరువాల ఉన్నయి. తాళంచెవి ఆయన అంగీ జేబుల ఉన్నది."

హైవే మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంట నిమ్మకాయల మార్కెట్ దిక్కు పోయింది.

హనీఫా చెయ్యి చాపింది. "తాళంచెవి."

"నీ ఇల్లా ఇది?"

"బాపు ఇల్లు. తాళంచెవి ఇయ్యి."

అబూబకర్ ఇయ్యలే. తనే పొయి బీరువా తీసిండు. తలుపు పెట్టిన కిర్రు చప్పుడు అందరి పండ్ల సందుకెళ్లి పోయింది. బట్టల కిందికెళ్లి ఒక తెల్లసంచి తీసి ఫైలు మీద కుమ్మరిచ్చిండు. మెరుసుకుంట, నిండుగ, ఒక్క గోలీ చిట్లకుండ అట్టలు పడ్డయి. ఒక్క అట్టకు మాత్రం రెండు గుంతలు ఖాళీగ ఉన్నయి.

హనీఫా ఆ అట్టలను చూస్తనే ఉన్నది. ఇంతసేపు బజారు దిక్కు మొఖం పెట్టి మొరిగిన కుక్కకు, దొంగ ఇంట్లనే ఉన్నడని తెలిసినట్టున్నది ఆమెకు.

"పందొమ్మిది దినాలు బాపుకు ఏమేసినవ్?"

"జరం గోలీలు."

"వెన్నుపూసల పురుగు తొలుస్తుంటె జరం గోలీలా?" హనీఫా ఒక అట్ట ఎత్తి అన్న ముందట పట్టింది. "నువ్వు కొడుకువా, కసాయివా? కసాయోడు సుత ఒక్క తాపకే కోస్తడన్నా! రోజుకింత రోజుకింత కొయ్యడు!"

"నోరు జారకు హనీఫా!"

"జారుత! ఇయ్యాల జారకుంటె ఇంకెప్పుడు జారుత? ఎందుకు దాచినవ్? చెప్పు! గోలీలు నీకేమన్న బిస్కెట్లా?"

"అది నల్లమందే! తెలుసా నీకు? మార్ఫిన్ అంటే నల్లమందు. మత్తు. తాగుబోతు లెక్క నోట్ల చొల్లు కార్చుకుంట, మనిషి లేకుండ మనిషి పంటడు. నా తండ్రి అట్ల పోవద్దు." అబూబకర్ గోడకు ఆనుకున్నడు. "కరోనాల అమ్మ ఎట్ల పోయిందో యాది లేదా నీకు? నోట్ల పైపు, చేతికి సూది. తెలివి లేకుండ మూడు దినాలు. అద్దం అవతల నిలబడి నేను 'అల్లా ఒక్కడే' అని కలిమా చదివిన. ఆమెకు ఇనపడలే. ఆమె నోట కలిమా రాలే. నోట్ల కలిమా లేకుండ పోయిందే అమ్మ! ఆ దినమే అనుకున్న. బాపును అట్ల పోనియ్య. తెలివి మీద ఉండాలె. తన నోటితోని తను చదువుకోవాలె. నొప్పి ఇయ్యాల ఉంటది, రేపు పోతది. కలిమా లేకుండ పోతే అది ఎప్పటికి పోయినట్టే."

అద్దం అవతల అన్న ఒక్కడే నిలబడ్డడు. ఆ మూడు దినాలు హనీఫా తిరుమలగిరిల తలుపేసుకొని దగ్గుకుంట పడి ఉన్నది.

"మౌల్వీ సాబును అడిగినవా?" అన్నది ఆఖరుకు.

"లేదు."

"ఎందుకడగలే?"

అబూబకర్ ఖాళీ సంచిని చేతికి చుట్టుకున్నడు.

"ఇయ్యమంటడేమోనని" అన్నడు.

స్నేహలత హెల్మెట్ కింద పెట్టింది. "సార్, సరిగ్గ ఇస్తే మనిషి మత్తుల ఉండడు. మొదటి ఒకటి రెండు దినాలు కొంచెం నిద్ర ఎక్కువొస్తది, తర్వాత తెలివిగనే ఉంటరు. మాట్లాడుతరు, తింటరు. నేను చాన మందిని—"

"నువ్వు గేటుకాడ ఫోటో దిగేదానివి. నాకు నేర్పకు."

"నేను నేర్పనా మరి?" అన్నది అతియా.

ఆమె దర్వాజ దాటి నడుమింట్లకు వచ్చింది.

"ఆ రెండు గోలీలు నేనే తీసిన. నువ్వు తానం చేస్తుంటె జేబులకెళ్లి తాళంచెవి తీసి, దొంగ లెక్క తీసిన. ఒకటి పొద్దుగాల ఏసిన, ఒకటి పగటేల ఏసిన. ఆ దినం మామ రెండు గంటలు పండిండు. లేసి పెరుగన్నం అడిగిండు. కూసోబెట్టమన్నడు. కూసొని నిన్ను పేరు పెట్టి పిలిసిండు. నువ్వు దుకాణంల ఉంటివి. నాతోని మీ అమ్మ ముచ్చట చెప్పిండు, పెండ్లిల ఆమె ఏ రంగు చీర కట్టిందో చెప్పిండు. మత్తు అంటున్నవు గదా, గట్లుంటదా మత్తు? తెల్లారి నువ్వు అట్ట చూసుకున్నవు. రెండు తక్కువున్నయని తాళంచెవి నిద్రల సుత జేబులకెళ్లి తియ్యలే. ఇగ ఆ దినం పోయింది. మళ్ల రాలే."

"నాకెందుకు చెప్పలే?" అన్నడు అబూబకర్.

"నువ్వు నన్ను ఏమన్న అడిగినవా?"

సతీశ్ ఈ ఇంట్ల తనకు జాగా లేదని తెలిసినట్టు తలుపు దిక్కు జరిగిండు. ఆ జరుగుడు చూసి హనీఫా, "నువ్వెక్కడికి? కూసో!" అన్నది. "మీ తప్పు మీకున్నది, పోలే. ఇంటోడు అబద్ధమాడుతడు. భయపడి ఆడుతడు, ప్రేమతోని ఆడుతడు. అది పట్టేటందుకే గదా పరాయోళ్లను పెట్టుకునేది? మా అన్న మాట సున్నా అయితే, మీ సేవ కూడ సున్నానే. రాసుకో. ఆరు ప్రశ్నలకు ఒక్కటే జవాబు."

సతీశ్ పలక దిక్కు చూసిండు కాని వేలు పెట్టలే.

"మాట్లాడింది చాలు. బాపునే అడుగుదాం" అన్నది హనీఫా.

"అడుగు" అన్నడు అబూబకర్. అతని గొంతుల ధీమా మళ్ల లేసింది. "అందరి ముందట అడుగు."

*

రజాక్ అర్రల అందరు నిలబడేంత జాగా లేదు. సతీశ్, స్నేహలత తలుపుకాడ ఆగిండ్రు. బూరుగుదూది మెత్తల నడుమ, కాలిపోయిన మోటరు పక్కన, ముసలాయన గోడ దిక్కు తిరిగి ఉన్నడు. అతియా చెయ్యేసి మెల్లగ ఇటు తిప్పింది. తిప్పుతుంటె దవడలు రెండు బిగిసినయి. బిగిసిన దవడలతోనే తలుపు దిక్కు చూసిండు.

"ఎవరో వచ్చినట్టుంది. కుర్చీ ఎయ్యిండ్రి."

"మామా, నర్సమ్మ వచ్చింది."

"ఎండల వచ్చినవా బిడ్డా? మంచినీళ్లు తాగినవా?"

స్నేహలత కండ్లు తుడుసుకున్నది. "తాగిన తాతా. నొప్పి ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది."

అబూబకర్ చెల్లె దిక్కు చూసిండు. విన్నవా అన్నట్టు చూసిండు. ఆ చూపుకు హనీఫా చేతులు పిడికిళ్లయినయి.

"గది పరాయోళ్లకు చెప్పే మాట. నువ్వడుగన్నా. నీకు కావాల్సింది నువ్వడుగు. కలిమా కోసమే గదా ఇదంత? చదివియ్యి. తెలివి మీదనే ఉన్నడు. నువ్వు ఏ గోలీ ఎయ్యలే. ఏ మత్తు లేదు. చదివియ్యి, నేను చూస్త."

"అట్ల పందెం ఏసినట్టు—"

"పందొమ్మిది దినాలు ఏసినవు పందెం. ఇయ్యాల గెలువు."

అబూబకర్ మంచం పక్కన కింద కూసున్నడు. టోపీ సదురుకున్నడు. తండ్రి చెయ్యి తన రెండు చేతులల్ల పెట్టుకున్నడు. దూది ఏకి ఏకి కాయలు కాసిన చెయ్యి అది. ఇప్పుడు తోలు, బొక్క తప్ప ఏం లేదు.

"బాపూ. నాతోని కలిమా చదువు."

మొదటి మాట అబూబకర్ పలికిండు. రజాక్ పెదవులు కదిలినయి. గాలి వచ్చింది, మాట రాలే.

"చదువు బాపూ."

మళ్ల పలికిండు. రజాక్ మళ్ల నోరు తెరిసిండు. ఈసారి లోపలికెళ్లి ఏదో లేసి వచ్చింది. అది గొంతు దాంక వచ్చి, నడుముకాడికి పొయి, మొత్తం మనిషిని ధనుస్సు లెక్క వంచింది. తువ్వాల కోసం చెయ్యి దుప్పటి కింద ఎతికింది. అతియా ఉరికి నడుము కింద చెయ్యి పెట్టి పట్టుకున్నది.

కొంచెం సేపటికి ఒళ్లు దిగింది. నుదుటి మీద చెమట బొట్లు లేసినయి.

"బాపూ, ఒక్కసారి" అన్నడు అబూబకర్. అతని కండ్లకెళ్లి నీళ్లు కారుతున్నయి. "ఒక్కటంటే ఒక్కసారి. నా కోసం. నోట్లకెళ్లి ఎందుకు వస్తలేదే బాపూ?"

రజాక్ కొడుకును చూసిండు. ఇంటికొచ్చినోళ్లకు పెట్టే నవ్వు ఆ మొఖం మీద ఇప్పుడు లేదు. తలుపుకాడ పరాయోళ్లున్నరన్న సోయి కూడ ఉన్నట్టు లేదు.

"నోరు తెరిస్తే అల్లా వస్తలేడు కొడుకా," అన్నడు. "నడుమొక్కటే వస్తాంది."